మసక చీకట్లో పిస్టల్ సాధన: ముందు చూపు, తర్వాతే గురి

అడిగినది క్లుప్తంగా ఇది: "లైసెన్సు ఉంది. పగటి వెలుతురులో 7 మీటర్ల దగ్గర తూటాలన్నీ అరచేయంత చోటులో పడుతున్నాయి. కానీ ఇంట్లో ఆత్మరక్షణ అవసరం వస్తే అది రాత్రే వస్తుంది. చీకట్లో సాధన ఎలా మొదలుపెట్టాలి? చీకట్లో మెరిసే సైట్లు (పిస్టల్ మీది గురి గుర్తులు) కొనాలా, పిస్టల్‌కే లైటు బిగించాలా, చేతి టార్చి చాలా? మా షూటింగ్ రేంజిలో లైట్లు ఆర్పనివ్వరు."

సూటిగా చెప్తాను. ముందు మంచి చేతి టార్చి ఒకటి తీసుకోండి. సాధనలో ముప్పాతిక భాగం తూటాలు లేకుండా, అందులోనూ సగం అసలు పిస్టలే లేకుండా చేయండి. రేంజిలో లైట్లు ఆర్పకపోయినా నేర్చుకోవాల్సినదాంట్లో చాలా భాగం నేర్చుకోవచ్చు. పిస్టల్‌కి లైటు ఆ తర్వాత. మెరిసే సైట్లు అన్నిటికన్నా చివర.

ఈ వరుస ఎందుకంటే, చీకట్లో గురి తప్పడం కన్నా మనిషిని తప్పుగా గుర్తించడం పెద్ద ప్రమాదం. ఇంట్లో దూరాలు 3 నుంచి 7 మీటర్లు. పగలు మీరు కొట్టగలుగుతున్న దూరమే అది. చీకటి పడగానే మారేది మీ చేయి కాదు, కళ్లకు అందే సమాచారం. వంటింట్లో నీళ్లు తాగుతున్న కొడుకు, దారి తప్పి గేటు లోపలికి వచ్చిన తాగుబోతు, కత్తి పట్టుకున్న దొంగ, ముగ్గురూ చీకట్లో ఒకే నల్లటి ఆకారం. అందుకే ఈ సాధనంతా "అక్కడ ఎవరు, చేతిలో ఏముంది" అన్న ప్రశ్న చుట్టూ తిరగాలి.

కన్ను చీకట్లో ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి

రంగులను, సూక్ష్మ వివరాలను చూసే శంకు కణాలు చీకటికి దాదాపు 10 నిమిషాల్లో అలవాటుపడతాయి. మసకలో పనిచేసే దండ కణాలకు 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. అలా సమకూరిన చూపు ఒక్క టార్చి వెలుగుతో క్షణంలో పోతుంది. నిద్రలోంచి లేచినవాడి కళ్లు చీకటికి అలవాటుపడే ఉంటాయి. ఫోన్ తెర వైపు చూశాడా, మళ్లీ మొదటికే.

రెండో విషయం చాలామందికి తెలియదు. కంటి తెర నట్టనడుమ, మనం సూటిగా చూసే చోట, దండ కణాలు ఉండవు. బాగా చీకట్లో దేన్నైనా సూటిగా చూస్తే అది మాయమైనట్టు అనిపిస్తుంది. 10 నుంచి 15 డిగ్రీలు పక్కకు చూస్తే మళ్లీ కనిపిస్తుంది. ఈ రాత్రే చేసి చూడండి. గదిలో లైట్లు ఆర్పి 20 నిమిషాలు కూర్చుని, ఎదురుగా కుర్చీ మీద ఉన్న చిన్న వస్తువును ముందు సూటిగా, తర్వాత కాస్త పక్కగా చూడండి. పక్క చూపుతో కదలిక తెలుస్తుంది, ఆకారం తెలుస్తుంది. కానీ చేతిలో ఉన్నది ఫోనా, పిస్టలా అన్నది తెలియదు. ఆ వివరం కావాలంటే వెలుగు కావాల్సిందే.

రంగులు పోవడం మరో సంగతి. దీని వల్ల సాధనలోనే ప్రమాదం ఉంది. డమ్మీ తూటాలకు (మందు లేని సాధన తూటాలకు) ఎర్రరంగో నీలిరంగో వేసేది అసలు తూటాల్లో కలిసిపోకుండా. చీకట్లో ఆ రంగు కనిపించదు. కాబట్టి డమ్మీలు, అసలు తూటాలు ఎప్పుడూ ఒక గదిలో ఉండకూడదు.

కళ్లజోడు వాడేవాళ్లు మంచం పక్కన పిస్టల్ పెట్టె కన్నా ముందు కళ్లజోడుకు చోటు ఖాయం చేసుకోండి. చీకట్లో దూరపు చూపు ఇంకొంచెం మందగిస్తుంది.

టార్చి

వెనక తోకలో బటన్ ఉండాలి. నొక్కినంతసేపే వెలిగి, వదలగానే ఆరాలి. ఒక్క నొక్కుకు పూర్తి వెలుగు రావాలి. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, మిణుకు అంటూ వరుసగా మారే టార్చిలు వేరే పనులకు బాగుంటాయి, దీనికి పనికిరావు. చేయి వణుకుతున్నప్పుడు రెండుసార్లు నొక్కుకుపోతే మిణుకు మొదలవుతుంది, ఎదుటివాడి చేతిలో ఏముందో మీకే తెలియకుండా పోతుంది.

డబ్బా మీద రాసే ల్యూమెన్లు మొత్తం వెలుగు ఎంతో చెప్తాయి. కాండెలా అనేది ఆ వెలుగు నడిమధ్యన ఎంత గట్టిగా కేంద్రీకృతమైందో చెప్తుంది. లెక్క తేలిక: కాండెలాను దూరపు వర్గంతో భాగిస్తే అక్కడ పడే లక్స్ వస్తుంది. 10,000 కాండెలా టార్చి 10 మీటర్ల దగ్గర 100 లక్స్, 5 మీటర్ల దగ్గర 400 లక్స్ ఇస్తుంది. ఇంటి లోపలికి 500 నుంచి 1,000 ల్యూమెన్లు, 10,000 చుట్టుపక్కల కాండెలా ఉండి, మధ్య పుంజం చుట్టూ వెడల్పైన వెలుగు ఉంటే సరిపోతుంది. కాంతి అంతా సూదిలా ఒకచోటే పడేవి ఆరుబయటకు మంచివి. గదిలో తెల్లగోడ మీద పడితే ఆ వెలుగు తిరిగొచ్చి మీ కళ్లకే కొడుతుంది. కొనేముందు చీకటి గదిలో తెల్లగోడకు 2 మీటర్ల దూరంలో నిలబడి ఒకసారి వెలిగించండి. ఆరిపోయాక కళ్ల ముందు పచ్చటి మచ్చ ఎన్ని సెకన్లు ఉంటుందో లెక్కపెట్టండి. ఆ టార్చి మీ ఇంట్లో ఎలా ఉంటుందో ఆ ఒక్క పరీక్షే చెప్తుంది.

అన్నట్టు, గోడ మీది స్విచ్ అందుబాటులో ఉంటే దాన్ని మించిన టార్చి లేదు. రాత్రంతా నడవాలో చిన్న దీపం వెలుగుతుంటే మీ సమస్యలో సగం తీరినట్టే. ఇంటివాళ్లను ఒక గదిలో చేర్చి, తలుపు గడియ పెట్టి, పోలీసులకు ఫోన్ చేసి అక్కడే ఉండటం ఇల్లంతా వెతకడం కన్నా ఎప్పుడూ మేలు. సాధనలో ఈ భాగాన్ని కూడా చేయండి. చేతులకు అలవాటు లేని పని ఆ సమయంలో గుర్తుకు రాదు.

టార్చి పట్టు: రెండు చాలు

పద్ధతులు అరడజను ఉన్నాయి. అన్నీ నేర్చుకోవాలని చూసేవాళ్లకు ఒక్కటీ పట్టుబడదు. హ్యారిస్ పట్టు, మెడ పట్టు నేర్చుకోండి. కింద చెప్పేది కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోవాలి.

హ్యారిస్ పట్టు 1970లలో మైఖేల్ హ్యారిస్ పేరుతో వచ్చింది. ఎడమ చేత్తో టార్చిని రోకలి పట్టినట్టు పిడికిట్లో పట్టుకోండి. వెలుగు వచ్చే గాజు చిటికెన వేలి వైపు, బొటనవేలు తోక బటన్ మీద. ముందు పిస్టల్ ఉన్న కుడిచేయి ముందుకు చాచాలి. అది చాచాకే ఎడమచేయి కింది నుంచి, మణికట్టు వెనకగా వెళ్లాలి. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనాలి. కుడిచేయి కుడికి, ఎడమచేయి ఎడమకు నెట్టుకుంటూ ఉండాలి. ఆ ఒత్తిడే పిస్టల్‌కి ఆధారం.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది వరుస తారుమారు. టార్చి ముందు వెళ్లి పిస్టల్ తర్వాత వస్తే, మీ ఎడమచేతి మీదుగానే పిస్టల్ మూతి దాటుతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదం. అందుకే ఈ పట్టును వారం పాటు పిస్టల్ లేకుండా, కుడిచేతిలో టీవీ రిమోట్ పట్టుకుని చేయండి. ఎడమచేయి ఒక్కసారి కూడా రిమోట్ ముందుకు రాకుండా 100 సార్లు చేశాకే అసలు పిస్టల్. రెండోది, అర నిమిషంలోనే ఎడమ మోచేయి జారి ఒత్తిడి పోవడం. అప్పుడు వెలుగు నేలకు దిగుతుంది, పిస్టల్ ఇంకెక్కడో చూస్తుంది. మూడోది మూల దగ్గర. ఈ పట్టులో టార్చి పిస్టల్‌కి కుడివైపు ఉంటుంది. గోడ కుడి అంచు నుంచి తొంగిచూస్తే బాగానే ఉంటుంది. ఎడమ అంచు నుంచి చూస్తే వెలుగు మీ గోడకే తగిలి మీ కళ్లలో పడుతుంది. అక్కడ మెడ పట్టుకు మారాలి.

మెడ పట్టులో అదే పిడికిటిని దవడ కింద, చెవి తమ్మెకు కాస్త దిగువన ఆనిస్తారు. తల ఎటు తిరిగితే వెలుగు అటు. సైట్ల మీద కూడా వెలుగు పడుతుంది కాబట్టి అవి కనిపిస్తాయి. పెద్ద లాభం ఏమిటంటే, పిస్టల్‌ని నేలకు దించి ఉంచి కూడా వెలుగుతో చూడొచ్చు. లోపం, వెలుగు ఎక్కడుందో మీ తల అక్కడే ఉంది. కాబట్టి వెలిగించడం, చూడటం, ఆర్పడం, ఒక అడుగు పక్కకు జరగడం, ఇవి ఒకే కదలికలా అలవాటు కావాలి. టార్చి మరీ లోపలికి వస్తే వెలుగు మీ పిస్టల్ వెనక భాగానికి తగిలి మెరుస్తుంది. అలా మెరిస్తే పిడికిలిని అర అంగుళం బయటికి జరపండి.

చేయి బాగా పక్కకు చాచి, తలకు పైగా పట్టే పాత పద్ధతి వెతకడానికి బాగుంటుంది, కాల్చడానికి తడబాటు. టార్చిని వేళ్ల మధ్య సిరంజిలా పట్టే పద్ధతికి ప్రత్యేకమైన చిన్న టార్చి కావాలి. ప్రస్తుతానికి రెండూ వదిలేయండి.

ఒకటి గమనించారా? ఏ పట్టు పట్టినా చివరికి మీరు ఒంటిచేత్తోనే కాలుస్తున్నారు. పగటి వెలుతురులో ఒంటిచేతి గురి బాగాలేనివాళ్లకు చీకటి సాధన తొందరే.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో

మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేయండి. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) మూడుసార్లు లాగండి. ఛాంబర్‌ని (తూటా కూర్చునే అరను) వెలుగులో కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు, నింపిన మ్యాగజైన్లు వేరే గదిలో తాళం వేసి ఉండాలి. గురి పెట్టే గోడ మందపాటి ఇటుకదో కాంక్రీటుదో అయి, దాని వెనక మనుషులు ఉండే చోటు కాకూడదు. పాయింట్ 22 రకం పిస్టల్ అయితే డమ్మీ తూటా లేకుండా ట్రిగ్గర్ లాగొద్దు, సుత్తి సూది ఛాంబర్ అంచుకు కొట్టుకుని పాడవుతుంది.

10 నుంచి 15 నిమిషాలు చాలు. అంతకు మించితే ధ్యాస సడలుతుంది. ముగించేటప్పుడు "అయిపోయింది" అని పైకి అనండి, పిస్టల్‌ని లోపల పెట్టి తాళం వేయండి. తూటాలు నింపాక "ఇంకొక్కసారి చూద్దాం" అనుకోవడమే ఇళ్లలో గోడలకు చిల్లులు పడే దారి. ఆ ఒక్కసారి రేపటికి వాయిదా వేయండి.

ఇక అసలైన అభ్యాసం. దీనికి పిస్టల్ అక్కర్లేదు. మనిషి నడుము పై భాగం, చేతులు కనిపించే 10 బొమ్మలు కాగితం మీద ముద్రించండి. నాలుగింటిలో ఆయుధం, ఆరింటిలో ఫోను, తాళాలు, పర్సు, టార్చి, నీళ్ల సీసా లాంటివి. ఇంకొకర్ని వాటిని కలిపి, చీకటి గదిలో ఒక్కోటి ఒక్కో ఎత్తులో అతికించమనండి. మీరు తలుపు తీసి టార్చి ఒక్క సెకను వెలిగించండి. ఆర్పి, పక్కకు జరిగి, చేతిలో ఏముందో పైకి చెప్పండి. మొదటి వారం చాలామంది ముఖం చూస్తారు, చేతులు చూడరు. వెలుగును నడుము ఎత్తున వేస్తే చూపు దానంతట అదే చేతుల మీదికి వెళ్తుంది. పదికి పది వరుసగా మూడు రోజులు సరిగ్గా చెప్పేదాకా పిస్టల్‌ని ఇందులోకి తేవద్దు. ఒక్క తప్పు అంటే ఒక మనిషి.

ఇంకో చిట్కా: వెలుగును సూటిగా మనిషి మీద వేయక్కర్లేదు. మీకూ అతనికీ మధ్య నేల మీదో, పైకప్పు మీదో వేస్తే అది చెదిరి గదంతా పరుచుకుంటుంది. తెల్లటి పైకప్పు ఉంటే మరీ మంచిది.

గొంతు కూడా సాధనలో భాగమే. "ఎవరది? చేతులు చూపించు!" అని గట్టిగా అరవడం ఇంట్లో మొహమాటంగానే ఉంటుంది, అయినా చేయండి. మీ ఇంటివాళ్లు ఆ మాటకు జవాబిస్తారు. ఆ జవాబే ఒక ప్రాణం కాపాడొచ్చు.

రేంజిలో, లైట్లు వెలుగుతుండగానే

వెలుతురులో టార్చి పుంజం కనిపించకపోయినా పట్టు, వెనక్కి తన్నే దెబ్బ, ట్రిగ్గర్ అన్నీ నిజమైనవే. రేంజి అధికారికి ముందే చెప్పి, 50 రౌండ్లు (తూటాలు) ఇలా పంచుకోండి: 10 రెండు చేతులతో, 10 ఒంటిచేత్తో, 15 హ్యారిస్ పట్టుతో, 15 మెడ పట్టుతో. 3 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 5, ఆ తర్వాత 7. నాలుగింటికి నాలుగు వేరే కాగితాలు పెట్టి పక్కపక్కన పోల్చండి. మొదట్లో టార్చి పట్టుతో తూటా చిల్లుల గుంపు రెండింతలు కావడం మామూలే.

గుంపు పెద్దదవడమే కాక ఎడమకు, కిందికి జారుతుంటే కారణం వేరు. ఎడమ బొటనవేలు బటన్ నొక్కుతుంటే కుడి చూపుడువేలు కూడా తెలియకుండానే బిగుసుకుంటుంది. ఒక చేయి బిగిస్తే రెండో చేయి అనుసరించడం శరీర స్వభావం. అందుకే బటన్ నొక్కే క్షణంలో చూపుడువేలు ఫ్రేము మీద, ట్రిగ్గర్ గార్డుకు బయట నిటారుగా ఉండాలి. వెలిగించు, చూడు, నిర్ణయించు, అప్పుడే వేలు లోపలికి. ఈ నాలుగింటినీ విడివిడిగా, నెమ్మదిగా చేస్తే జారుడు దానంతట అదే తగ్గుతుంది.

ఎప్పుడైనా లైట్లు తగ్గించే అవకాశం దొరికితే, పూర్తి చీకటి కాదు, ఒక మెట్టు తగ్గించడంతో మొదలుపెట్టండి. పక్కన పర్యవేక్షకుడు ఉండాలి, కాల్చేవాళ్ల వీపున చీకట్లో వెలిగే ప్లాస్టిక్ కడ్డీ (గ్లో స్టిక్) ఒకటి తగిలించాలి, మ్యాగజైన్లు నింపడం వెలుగులోనే జరగాలి. కింద పడ్డది ఏదైనా లైట్లు వచ్చాకే తీయాలి. రంగు అద్దాలు కాక, తెల్లటి రక్షణ కళ్లద్దాలే పెట్టుకోవాలి. ట్రిగ్గర్ లాగితే తూటా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. మందు తక్కువైన తూటా పేలితే చప్పుడు మందంగా ఉంటుంది, స్లైడ్ సరిగా కదలదు. తూటా పిస్టల్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెలుతురులో ఇది కంటికి ఏదోలా తెలుస్తుంది, చీకట్లో తెలియదు. అనుమానం వస్తే ఆపి, లైట్లు వేయించి, ఖాళీ చేసి, గొట్టం చూశాకే మళ్లీ.

ఆ రోజు రెండు విషయాలు కొత్తగా కనిపిస్తాయి. ఒకటి, గొట్టం మూతి దగ్గరి మంట. గొట్టం పొట్టిదైతే మంట పెద్దది. మందు రకాన్ని బట్టి కూడా చాలా తేడా ఉంటుంది. ఆత్మరక్షణకు పెట్టుకున్న తూటాలనే కొన్ని కాల్చి చూడండి. రెండోది పొగ. నాలుగైదు రౌండ్ల తర్వాత మూసిన గదిలో టార్చి పుంజంలో పొగ తెల్లటి తెరలా నిలుస్తుంది. అప్పుడు వెలుగు ఆర్పి పక్కకు జరగడమే మందు.

పిస్టల్‌కి బిగించే లైటు

దీనితో రెండు చేతుల పట్టు తిరిగొస్తుంది, అది నిజమైన లాభమే. కానీ వెలుగు ఎటు చూస్తే పిస్టల్ మూతి అటే. దాన్ని వెతికే టార్చిగా వాడితే మీ సొంతవాళ్ల మీదికి పిస్టల్ గురిపెట్టినట్టే. కాబట్టి చేతి టార్చి ఎలాగూ ఉండాలి. లైటు బటన్‌ని ఎప్పుడూ ఎడమ బొటనవేలితోనే నొక్కాలి, ట్రిగ్గర్ వేలితో నొక్కడం అలవాటైతే ఆ అలవాటు పోదు. కొన్ని పిస్టళ్లు లైటు బిగించాక తూటాను సరిగా ఎక్కించవు. అందుకని మీరు వాడే తూటాలతోనే కనీసం 100 రౌండ్లు అడ్డంకి లేకుండా నడిచేదాకా నమ్మొద్దు. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) కూడా ఆ లైటుకు తగ్గదే కావాలి. ట్రిగ్గర్ గార్డు దగ్గర వేలు దూరేంత సందు ఉన్న హోల్‌స్టర్ వద్దు. కాల్చిన ప్రతిసారీ గాజు మీద మసి పేరుకుంటుంది, తుడవకపోతే వెలుగు బాగా తగ్గిపోతుంది. బిగించిన మర కూడా అప్పుడే చూసుకోండి.

సైట్లు

మెరిసే సైట్లలో ఉండేది ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, కొన్న 12 ఏళ్లకు మెరుపు సగమే. అవి చెప్పేది మీ పిస్టల్ ఎక్కడుందో. ఎదుట ఎవరున్నారో చెప్పవు. టార్చి వెలిగించగానే మామూలు నల్ల సైట్లు కూడా వెలుగు నేపథ్యంలో స్పష్టమైన నీడలా కనిపిస్తాయి. ఎర్రచుక్క సైటు (చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించేది) ఉంటే తీవ్రతను చేత్తో అమర్చుకోండి. దానంతట అది సర్దుకునే రకాలు మీ చుట్టూ ఉన్న చీకటిని చూసి చుక్కను మసకబారుస్తాయి, మీరు టార్చి వేసిన తెల్లగోడ మీద ఆ చుక్క మాయమవుతుంది. చీకటి గదిలో టార్చి వెలిగించి, తెల్లగోడ మీద చుక్క కనిపించే అతి తక్కువ మెట్టు ఏదో చూసి అక్కడ ఉంచండి.

వారానికి మూడుసార్లు 10 నిమిషాలు ఇంట్లో, నెలకు ఒకసారి 50 రౌండ్లు రేంజిలో చేస్తే మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. సాధనకు వాడే బ్యాటరీ, రాత్రి మంచం పక్కన పెట్టే బ్యాటరీ వేరుగా ఉంచండి. మామూలు ఆల్కలైన్ సెల్లులు నెలల తరబడి అలాగే ఉంటే కారి టార్చిని పాడుచేస్తాయి. లిథియం సెల్లులు ఏళ్ల తరబడి నిలుస్తాయి, పడుకునేచోట పెట్టేదానికి అవే వేయండి. రేంజికి వెళ్లే రోజు ఆ టార్చిని కూడా ఒకసారి నొక్కి చూడండి.